తీగకు వేలాడిన నావికుడు సర్ పీటర్ స్కాట్



మన సంచికలో మహనీయుల జీవితాలు చాలానే చదివాం. ఈసారి నేను రాస్తున్న పేరు మీలో చాలామందికి కొత్త కావచ్చు. కానీ ఆయన చేతి బొమ్మ మీకు తెలిసిందే. అడవి జంతువుల రక్షణకు పనిచేసే ప్రపంచ సంస్థకు గుర్తుగా ఉన్న ఆ నలుపు తెలుపు పాండాకు రూపమిచ్చింది ఆయనే.

నేను పీజీ చదవడానికి హైదరాబాద్ పోయిన కొత్తలో ఒక ఆదివారం ట్యాంక్‌బండ్ మీద నిలబడి తెరచాప పడవల పోటీ చూశాను. ఒక పడవలో మన వయసు కుర్రవాడు అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్ళంతా నీళ్ళ మీదికి వాల్చి, నడుముకు తగిలించిన సన్నటి తీగ మీద వేలాడుతున్నాడు. పడిపోతున్నాడనుకొని కేకేశాను. పక్కవాళ్ళు నవ్వారు. ఆ తీగను ట్రపీజ్ అంటారని తర్వాత లైబ్రరీలో తెలుసుకున్నాను. అక్కడే పీటర్ స్కాట్ పరిచయమయ్యాడు.

ఆయన 1909 సెప్టెంబర్ 14న లండన్‌లో పుట్టాడు. తండ్రి కెప్టెన్ రాబర్ట్ స్కాట్ దక్షిణ ధ్రువం చేరి, తిరుగు ప్రయాణంలో 1912లో మంచులోనే చనిపోయాడు. అప్పటికి బాబుకు రెండున్నరేళ్ళు. చనిపోయే ముందు తండ్రి భార్యకు రాసిన ఉత్తరంలో, పిల్లవానికి ప్రకృతి మీద ఆసక్తి కలిగించమని కోరాడు. శిల్పి అయిన తల్లి కాథ్లీన్ ఆ మాట నిలబెట్టింది. తండ్రి లేని పిల్లలు మన హాస్టల్‌లోనూ ఎందరో ఉన్నారు. అయితే ఉన్నమాట చెప్పాలి. స్కాట్‌ది కలిగిన కుటుంబం, పెద్దల అండ ఉంది. మన బతుకుతో దానికి పోలిక లేదు. నాకు నచ్చింది ఆయన పనితనం.

1936 ఒలింపిక్స్‌లో తెరచాప పడవ పోటీలో కాంస్య పతకం గెలిచాడు. అసలు కథ 1938లో జరిగింది. గాలి బలంగా వీస్తే తెరచాప పడవను ఒక పక్కకు ఒరగదోస్తుంది. ఒరగకుండా మనుషులు రెండో అంచు మీద కూర్చుని బరువు వేస్తారు. ఊగుడుబల్ల ఆడినవారికి తెలుసు, మనిషి ఎంత చివరికి జరిగితే అంత బరువు తూగుతాడు. కానీ అంచు దాటి ఎక్కడ కూర్చోవాలి? అంతకుముందే బీచర్ మూర్ అనే ఆయన స్తంభం నుండి తాడు వేలాడదీసి, చేత్తో పట్టుకొని బయటికి వాలే ఏర్పాటు చేశాడు. చేతులు ఎంతసేపు ఆగుతాయి? స్కాట్, అతని స్నేహితుడు జాన్ వింటర్ నడుముకు పట్టీ కట్టి దానికి తీగ తగిలించారు. ఆ ఏడాది ఫాల్మత్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్పును తేలిగ్గా గెలిచారు. ఆ వెంటనే ఆ తరగతి పడవల్లో ట్రపీజ్‌ను నిషేధించారు. దాన్ని మళ్ళీ అనుమతించడానికి దశాబ్దాలు పట్టింది.

అలిగి కూర్చునే మనిషి కాదు. యుద్ధంలో నౌకాదళంలో పనిచేశాడు. 1955 నుండి 1969 వరకు అంతర్జాతీయ పడవ పోటీల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ కాలంలోనే, 1960లో, ట్రపీజ్ ఉన్న ఫ్లయింగ్ డచ్‌మన్ పడవ ఒలింపిక్స్‌కు వచ్చింది. 1967లో ఆ సంఘం రెండు పొట్టల పడవలకు పరీక్ష పెడితే రాడ్నీ మార్చ్ గీసిన టోర్నడో నెగ్గింది. వీటిని కాటమరాన్ అంటారు. ఈ మాట మన పక్క తమిళంలోని కట్టుమరం నుండి పోయిందే. దుంగలు కలిపి కట్టిన మన తెప్ప అన్నమాట.

కాటమరాన్ మీద ట్రపీజ్ కట్టడం చిన్న పని కాదు. స్తంభం పైభాగం నుండి రెండు పక్కలకూ తీగలు దిగుతాయి. చివర పట్టుకునే పిడి, కొక్కెం తగిలించే కడియం ఉంటాయి. కడియం కింద పొడవు మార్చుకునే తాడు కట్టుకుంటారు. గాలి తక్కువైతే పైకి, ఎక్కువైతే కిందికి. వాడని తీగ ఊగి చిక్కుపడకుండా సాగే తాడుతో లాగి ఉంచుతారు. పడవ ముక్కు నీట్లో గుచ్చుకుంటే వేలాడే మనిషి ముందుకు ఎగిరిపడతాడు. అందుకే వెనుకభాగంలో పాదం ఇరికించుకునే పట్టీ పెడతారు. ఒక్కో వేలెడు మార్పుకు ఎన్నిసార్లు విప్పి కట్టాలో ఊహించండి.

స్కాట్ యవ్వనంలో బాతులను వేటాడేవాడు. తర్వాత తుపాకీ వదిలాడు. 1946లో స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల కేంద్రం స్థాపించాడు. ముప్పై దాకా మాత్రమే మిగిలిన హవాయి బాతు జాతిని అక్కడ పెంచి 1962లో స్వదేశానికి పంపడం మొదలుపెట్టారు. 1961లో వన్యప్రాణి నిధి సంస్థాపకుల్లో ఒకడయ్యాడు. హంసల ముక్కుల మీది మచ్చలు గీసుకొని ఒక్కోదాన్ని గుర్తుపట్టేవాడు. 1973లో సర్ బిరుదు పొందాడు. 1989 ఆగస్టు 29న, ఎనభై ఏళ్ళకు రెండు వారాల ముందు కన్నుమూశాడు.

టోర్నడో 1976 నుండి 2008 వరకు ఒలింపిక్స్‌లో ఉంది. 2016 నుండి నాక్రా 17 అనే కాటమరాన్ వచ్చింది. అందులో ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి పోటీ చేస్తారు, ఇద్దరికీ ట్రపీజ్ ఉంటుంది.