58 రోజులకు ముందున్న శ్రీరాములు

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని తీరగ్రామం జువ్వలదిన్నె పొట్టి శ్రీరాములును తన ఊరి బిడ్డగా చెప్పుకుంటుంది. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు. కానీ పాఠ్యపుస్తకాల్లో ఆయన జీవితమంతా 58 రోజుల నిరాహార దీక్షగా కుదించుకుపోయింది. అంతకుముందు అంటరానితనానికి వ్యతిరేకంగా ఆయన పట్టిన దీక్షలు ఎవరికీ గుర్తులేవు. అందుకే ఆ జీవితాన్ని మేము మూడు ప్రశ్నలతో మళ్ళీ చదువుతున్నాం. శ్రమ ఎవరిది? పన్ను భారం ఎవరి మీద? సర్కారు సొమ్ము ఎవరికి?

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో ఒక వైశ్య కుటుంబంలో పుట్టారు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం చేశారు. మురుగు పారుదల ఆయనకు చదువునూ జీతాన్నీ ఇచ్చింది. అదే మురుగును చేతులతో ఎత్తడం మాత్రం పుట్టుకతో కొన్ని కులాలకు అంటగట్టిన పని. ఆర్థికశాస్త్రం శ్రమ విభజన అని మెచ్చుకున్నది ఇక్కడ శ్రామికుల విభజనగా మారిందని అంబేద్కర్ తేల్చి చెప్పింది ఇందుకే.

భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్నాక ఆయన ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమానికి వెళ్ళారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుపాలయ్యారు. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్ళు పన్ను కట్టాలని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశారు. ఉప్పు పన్ను ఆ సూత్రానికి సరిగ్గా ఎదురు. భూస్వామి అయినా కూలీ అయినా తినే ఉప్పు ఇంచుమించు ఒకటే, పన్నూ ఒకటే. రాబడిలో వాటాగా లెక్కిస్తే కూలీ మీదే బరువెక్కువ. ఆ పన్ను 1947 దాకా పోలేదు.

తర్వాత కృష్ణా జిల్లా కొమరవోలు ఆశ్రమంలోనూ నెల్లూరు ప్రాంతంలోనూ రాట్నం ప్రచారం చేశారు. వాడేవాళ్ళున్న చోటే వస్తువు తయారవ్వాలన్నది ఖద్దరు వెనకున్న ఆర్థిక సూత్రం. మన పల్లెల్లో తరతరాలుగా ముతక బట్ట నేసినవాళ్ళలో మాలలూ ఉన్నారు. నేత వాళ్ళ చేతిలో ఉన్నా ఊళ్ళో వాళ్ళ స్థానం మారలేదు. ఉత్పత్తి పద్ధతి ఒక్కటి మారితే కులం పోదని ఇది చెబుతుంది.

శ్రీరాములు ఈ సంగతి గ్రహించారనడానికి ఆయన నడిచిన దారే సాక్ష్యం. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని దీక్ష పట్టారు. దళితుల అభ్యున్నతి కోసం 1948 లోపు మరో రెండు దీక్షలు చేశారు. కలెక్టర్లు వారానికి కనీసం ఒక రోజు ఆ పనికే కేటాయించేలా మద్రాసు ప్రభుత్వం చేత ఆదేశాలు ఇప్పించారు. చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, అట్టల మీద నినాదాలు రాసి మెడలో వేసుకుని నెల్లూరు వీధుల్లో తిరిగారు. చాలామంది పిచ్చివాడన్నారు. సొంత కులస్థులూ తప్పుపట్టారు.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకే నెహ్రూ రాష్ట్ర ప్రకటన చేశారు. కొత్త రాష్ట్రం ఆర్థిక, పరిపాలనా సమస్యల్ని తేల్చడానికి జస్టిస్ వాంఛూను నియమించారు. ఖజానా లెక్కలు ఆయన చూశారు. ఆ ఖజానా ఎవరి చేతికి పోతుందన్నది అంబేద్కర్ అడిగారు. భాషా రాష్ట్రాల మీద 1955లో రాసిన పుస్తకంలో, ఆంధ్రలో భూమి, కొలువులు, వ్యాపారం రెండు మూడు పెద్ద కులాల గుప్పిట్లో ఉన్నాయని, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతున్నారని హెచ్చరించారు.

గుడి తలుపు తెరిపించడం చిన్న పని కాదు. అయితే తలుపు తెరిచినంత మాత్రాన ఎకరం భూమి రాదు. భూమిని ప్రభుత్వమే తీసుకుని ఉమ్మడి సాగుకు ఇవ్వాలని అంబేద్కర్ 1947లోనే ప్రతిపాదించారు. శ్రీరాములు దీక్షలు అక్కడిదాకా వెళ్ళలేదు. ఆ దీక్షల వల్ల గుడి దాటగలిగిన దళితుల పేర్లు మనకందిన చరిత్రలో కనిపించవు కూడా. అయినా ప్రభుత్వ యంత్రాంగం సమయంలో దళితులకు కచ్చితమైన వాటా ఉండాలని ఆయన పట్టుబట్టడం మన పోరాటానికి పనికొచ్చే వారసత్వం. 2013 నాటి ఎస్సీ ఉపప్రణాళిక చట్టం ఆ వాటాను డబ్బులో అడిగింది. ఏటా మార్చి 16న విగ్రహానికి దండలు వేసే నాయకుల్ని ఆ నిధుల లెక్క అడుగుదాం. ఎంత కేటాయించారు, ఎంత ఖర్చుపెట్టారు, ఎటు మళ్ళించారు?