సొంత పేరుతో ఓటు: మార్గరెట్ కజిన్స్ జీవితం



ఎన్నికల నాడు పోలింగు కేంద్రం ముందు మగవారిదొక వరుస, ఆడవారిదొక వరుస ఉండడం మీరు చిన్ననాటి నుండి చూస్తున్నదే. పొద్దున్నే వంట ముగించుకుని, చంటిబిడ్డను చంకన వేసుకుని వచ్చి నిలబడిన తల్లిని చూసి మీరెవరూ వింతపడరు. కాని ఒకప్పుడు ఈ దృశ్యం మన దేశంలో ఉండేది కాదు. వేలి మీద పడే ఆ సిరా చుక్క కోసం చాలామంది స్త్రీలు శ్రమించారు. వారిలో ఒకామె మన కదిరికి పొరుగునే కాపురమున్నదని మీలో ఎందరికి తెలుసు?

కదిరి నుండి తనకల్లు, ములకలచెరువు, అంగళ్ళు దాటితే మదనపల్లె వస్తుంది. 1910 వరకు కదిరి తాలూకా కూడా మదనపల్లెతో పాటు కడప జిల్లాలోనే ఉండేది. ఆ యేడు అనంతపురం జిల్లాలో కలిసింది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా, వాన కోసం ఎదురుచూసే నేల మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ మదనపల్లెకు 1916లో వచ్చి, కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఐర్లండు దేశస్థురాలు మార్గరెట్ కజిన్స్. ఆమె కథ ఈ వారం మీ ముందుంచుతున్నాము.

మార్గరెట్ 1878లో ఐర్లండులోని బాయిల్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. పుట్టింటి పేరు గిలెస్పీ. వారిది మెథడిస్టు కుటుంబం. డబ్లిన్‌లో సంగీతం అభ్యసించి 1902లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం జేమ్స్ కజిన్స్ అనే కవిని వివాహమాడారు. దంపతులిద్దరూ తరువాతి కాలంలో దివ్యజ్ఞాన సమాజంలో చేరారు.

ఆ రోజుల్లో ఐర్లండు బ్రిటిషు పాలనలో ఉండేది. పార్లమెంటుకు ఓటు వేసే హక్కు స్త్రీలకు లేదు. ఎంత చదివినా, ఎంత పన్ను కట్టినా లేదు. ప్రపంచమంతటా దాదాపు అదే పరిస్థితి. దేశం మొత్తానికి స్త్రీలకు ఓటు ఇచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్, అదీ 1893లో. మార్గరెట్ 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ అనే స్నేహితురాలితో కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించారు. సంఘానికి మొదటి కోశాధికారి ఆమే.

వారి పోరాటం మెత్తనిది కాదు. 1910లో లండన్‌లో స్త్రీలు ప్రధానమంత్రికి విన్నపం ఇవ్వడానికి ఊరేగింపుగా వెళ్తే పోలీసులు అడ్డుకున్నారు. నూరుమందికి పైగా అరెస్టయ్యారు, ఎందరో గాయపడ్డారు. దానికి నిరసనగా స్త్రీలు మంత్రుల ఇళ్ళ కిటికీ అద్దాలు పగులగొట్టారు. వారిలో మార్గరెట్ కూడా ఉన్నారు. హాలోవే చెరసాలలో ఆమెకు నెల రోజుల శిక్ష పడింది. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగులగొట్టినందుకు మరో నెల జైలు. ఈసారి తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని కోరుతూ ఆమె, తోటి స్త్రీలు నిరాహారదీక్ష చేశారు. అద్దాలు పగులగొట్టడం సరియా కాదా అని మీరు వాదించుకోవచ్చు. ఆ రోజుల్లోనూ చాలామంది వాదించుకున్నారు. కాని విన్నపాలు ఇచ్చి ఇచ్చి విసిగిన తరువాతే వారు ఆ దారి పట్టారన్నది మనం మరువరాదు.

1915లో కజిన్స్ దంపతులు మన దేశానికి వచ్చారు. జేమ్స్ మద్రాసులో అనీబిసెంట్ నడిపే పత్రికలో పనికి కుదిరారు. 1916లో ఐర్లండులో బ్రిటిషు పాలనపై తిరుగుబాటు జరిగినప్పుడు దానిని మెచ్చుకుంటూ వ్యాసం రాశారు. అది ఆయన ఉద్యోగానికే ఎసరు తెచ్చింది. అప్పుడు అనీబిసెంట్ ఆయనను మదనపల్లెలో కొత్తగా వెలసిన దివ్యజ్ఞాన కళాశాలకు ఉపాధ్యక్షునిగా పంపారు. ఆ విధంగా మార్గరెట్ రాయలసీమకు వచ్చారు.

వచ్చీ రాగానే ఆమె ఉపన్యాసాలు మొదలుపెట్టలేదు. అధ్యాపకుల భార్యలను కలుసుకున్నారు. పదిమంది స్త్రీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడమే అప్పట్లో పెద్ద సంగతి. ఆ కలయికల నుండి మదనపల్లెలో అబలా అభివర్ధినీ సమాజం పుట్టింది. పేరులో అబల అని ఉన్నా, చేసింది మాత్రం బలాన్ని పెంచే పని. మరుసటి సంవత్సరం, అంటే 1917 మే 8న, మద్రాసు అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. అనీబిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్, డొరతీ జినరాజదాస తదితరులు నిర్వాహకులు. స్త్రీధర్మ అనే పత్రికను కూడా ఆ సంఘం నడిపింది.

పాఠకులారా, ఇక్కడొక విశేషం గమనించండి. 1917 చివరలో భారతమంత్రి మాంటేగు మన దేశానికి వచ్చారు. పాలనలో రాబోయే సంస్కరణల గురించి ప్రజల అభిప్రాయాలు వినడం ఆయన పని. స్త్రీల విద్య గురించి విన్నవించుకోవడానికి అనుమతి ఇవ్వండని మార్గరెట్ రాశారు. రాజకీయ విషయాలపై వచ్చే బృందాలను మాత్రమే కలుస్తామని జవాబు వచ్చింది. మరొకరైతే అంతటితో ఊరుకునేవారు. ఆమె మాత్రం, రాజకీయమే కావాలంటే రాజకీయమే అడుగుదామని నిశ్చయించుకున్నారు. రాబోయే చట్టంలో ఓటు ఇచ్చేటప్పుడు స్త్రీలను కూడా ప్రజలుగా లెక్కించాలన్న కోరిక ఆ విధంగా విన్నపంలో చేరింది.

1917 డిసెంబరులో మద్రాసులో ఆ బృందం మాంటేగును, వైస్రాయి చెమ్స్‌ఫర్డును కలిసింది. విన్నపం తయారు చేయించింది మార్గరెట్ అయినా బృందానికి ముందు నడిచింది ఆమె కాదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు నాయకత్వం వహించారు. భారత స్త్రీల కోరికను భారత స్త్రీ నోటనే వినిపించాలని మార్గరెట్ భావించారు. చివరి వరకు ఆమె పద్ధతి అదే.

ఈలోగా మదనపల్లెలో మరో సంఘటన జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు ఆ కళాశాలకు వచ్చి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నారు. అక్కడే తమ జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. సంగీతం తెలిసిన మార్గరెట్ ఆ పాటకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాశారు. బడిలో మీ పిల్లలు నిత్యం పాడే జాతీయగీతానికి మన పొరుగూరితో ఉన్న బంధం ఇది.

ఓటు సంగతికి వద్దాము. విన్నపం ఇచ్చినంత మాత్రాన వరం దొరకలేదు. ఓటు ఎవరికివ్వాలో పరిశీలించిన సౌత్‌బరో సంఘం, ఇక్కడి సామాజిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు తగదని తేల్చింది. సరోజినీ నాయుడు, అనీబిసెంట్, బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిథన్ 1919లో లండన్ వెళ్ళి వాదించారు. చివరకు బ్రిటిషు పార్లమెంటు ఆ భారాన్ని రాష్ట్రాల శాసనసభల మీద వదిలేసింది. మీకిష్టమైతే ఇచ్చుకోండి అన్నట్టు. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలపై ఉన్న అడ్డంకిని తొలగించింది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాలలో ముందుగా తీర్మానించినది మద్రాసే. కదిరి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే గనుక మన ఊరి స్త్రీలకూ ఆ నాడే తలుపు తెరుచుకుంది.

కాని ఆ తలుపు ఎంత సన్నగా తెరుచుకుందో కూడా చెప్పాలి. భూమి ఉండి శిస్తు కట్టేవారికీ, పన్ను కట్టేవారికీ మాత్రమే ఓటు. వేరుశనగ చేలో కూలికి కలుపు తీసే తల్లి పేరున పట్టా ఎక్కడిది? పొలం ఉన్న ఇంట్లోనైనా ఆ పొలం భార్య పేర ఉంటుందా? అందుచేత నూటికి ఒక్క స్త్రీకైనా ఓటు దక్కలేదు.

మార్గరెట్ దొరికినదానితో తృప్తిపడలేదు. 1922లో ఆమె గౌరవ మేజిస్ట్రేటుగా నియమితులయ్యారు. మన దేశంలో ఆ బాధ్యత స్వీకరించిన మొదటి స్త్రీ ఆమే. 1926లో స్త్రీలు శాసనసభలకు పోటీ చేసే వీలు కలిగినప్పుడు కమలాదేవి చట్టోపాధ్యాయను ప్రోత్సహించి మంగళూరు ప్రాంతం నుండి నిలబెట్టారు, ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. అయినా 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి నియామకంతో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ ఆచారాన్ని రూపుమాపడానికి అక్కడ గట్టిగా పాటుపడ్డారు. అదే 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలైంది. దాని వెనుక కూడా మార్గరెట్ పిలుపు ఉన్నది. బాల్యవివాహాలను అరికట్టే 1929 నాటి శారదా చట్టం కోసం ఆ సభ దేశమంతటా పనిచేసింది. చట్టసభలో స్త్రీ గొంతు వినిపిస్తే ఏ మాటలు చర్చకు వస్తాయో మీరే ఆలోచించండి.

1932లో ప్రభుత్వం తెచ్చిన అత్యవసర శాసనాలను బహిరంగంగా విమర్శించినందుకు ఆమెను మళ్ళీ జైలులో పెట్టారు. ఈసారి వేలూరులో. ఐర్లండు స్వేచ్ఛ కోసం ఆరాటపడిన మనిషికి భారత స్వేచ్ఛ పరాయిది కాలేదు.

ఆ సంవత్సరాలలోనే ఓటు గురించి మరో చర్చ వచ్చింది. ఆస్తి ఉన్న మగవాని భార్యకు, భార్య అయిన కారణంగా ఓటు ఇద్దామని ప్రభుత్వం తలపెట్టింది. మహిళా సంఘాలు దీనికి ఒప్పుకోలేదు. స్త్రీ ఒకరి భార్య అని కాక, వయసు వచ్చిన మనిషి అని ఓటు ఇవ్వండి అన్నాయి. ఆ మాట ఎవరూ వినలేదు. 1935 చట్టంలో భార్య అన్న అర్హతే నిలిచింది. చదువు వచ్చిన స్త్రీలకు కూడా అవకాశం ఇచ్చారు. ఓటర్లైన స్త్రీలు సుమారు 60 లక్షలకు పెరిగారు. మిగిలిన కోట్లమంది బయటే ఉండిపోయారు.

1936లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించిన తరువాత మార్గరెట్ మెల్లగా పక్కకు తప్పుకున్నారు. ఇక భారత స్త్రీలే నడిపించుకోవాలన్నది ఆమె తలంపు. 1944 ప్రాంతంలో పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. చేతిలో డబ్బు లేదు. మద్రాసు ప్రభుత్వం, తరువాత ప్రధాని నెహ్రూ ఆమె సేవను గుర్తించి సహాయం అందించారు. మంచం మీద నుండే ఆమె స్వాతంత్ర్యం రావడం చూశారు. రాజ్యాంగ సభలో మన ఆంధ్ర స్త్రీ దుర్గాబాయి, తిరువనంతపురానికి చెందిన కతోలిక స్త్రీ ఆనీ మస్కరీన్ వంటి 15 మంది స్త్రీలు కూర్చోవడం చూశారు. 21 ఏళ్ళు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి సమానంగా ఓటు ఇచ్చిన రాజ్యాంగాన్ని చూశారు. 1951-52లో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. 1954 మార్చి 11న ఆమె కన్నుమూశారు. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే మరణించారు.

ఆ తొలి ఎన్నికలకు సంబంధించిన ఒక సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. ఓటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్ళిన ఉద్యోగులకు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రం చెప్పారు. పరాయి మగవానికి పేరు చెప్పడం మర్యాద కాదని వారి నమ్మకం. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో ఇది జరిగింది. సొంత పేరు లేనిదే జాబితాలో చోటు లేదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. ఫలితంగా దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు కొట్టివేయబడ్డాయి. 1935లో భార్య అన్న మాట ఓటు తెచ్చిపెట్టింది. 1951లో అదే మాట ఓటు పోగొట్టింది. మార్గరెట్, ఆమె తోటివారు భార్య అర్హతను ఎందుకు వద్దన్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూద్దాము. పేరు చెప్పడానికి సిగ్గుపడే కాలం పోయింది. 1989 నుండి 18 ఏళ్ళకే ఓటు వచ్చింది. పంచాయతీలలో స్త్రీలకు స్థానాలు కేటాయించారు. అయినా కరువు వచ్చినప్పుడు మన పల్లెల నుండి బెంగళూరుకో కేరళకో పనికి వెళ్ళిన కుటుంబాలలో ఎవరి పేరు జాబితా నుండి జారిపోయిందో చూసేవారు తక్కువ. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళిన ఆడబిడ్డ పేరు పుట్టింటి జాబితాలో తీసేస్తారు, అత్తింటి జాబితాలో ఎక్కించరు. పేరు ఉన్నచోట కూడా, ఏ గుర్తుకు వేయాలో ఇంటి పెద్ద ముందు రాత్రే చెప్పి పంపే ఇళ్ళు లేకపోలేదు. డబ్బు పంచేవారు సైతం ఇంటి మగవాని చేతిలోనే అందరి లెక్కా కలిపి పెడతారు. అప్పుడు ఓటు వేసింది ఆ తల్లి వేలు మాత్రమే.

కాబట్టి ఈ ఆదివారం భోజనాల వేళ ఒక పని చేయండి. ఇంట్లో 18 నిండిన ప్రతి ఆడబిడ్డ పేరు జాబితాలో ఉన్నదో లేదో చూడండి. లేకపోతే ఫారం 6, ఊరు మారి ఉంటే ఫారం 8 నింపి మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వండి. పేరు తప్పుగా పడి ఉంటే దిద్దించండి. ఇక అయ్యలారా, మీకొక మాట. ఓటు వేసి వచ్చిన మీ భార్యను, మీ కోడలిని ఎవరికి వేశావని అడగకండి. అది రహస్యమని చట్టం చెబుతున్నది. అమ్మలారా, అడిగినా మీరు చెప్పనక్కరలేదు. ఆ ఓటు జాబితాలో ఉన్నది మీ పేరు మీదనే.