మీ నోట్సులోనే ఉన్న భీమవరం సుబ్బారావు

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఉండి డీఎంఎల్‌టీ చదువుతున్నారా? పశుసంవర్థక డిప్లొమా పూర్తిచేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారా? అయితే మీ దగ్గర ఓ పట్టిక ఉండే ఉంటుంది. మొదటి గడిలో బ్యాక్టీరియా పేరు, తర్వాత గ్రామ్ పాజిటివా నెగెటివా, ఆ పక్కన జబ్బు, చివర్లో మందు. మా పిన్ని కూతురు విజయవాడ బస్సెక్కితే చాలు, దిగేదాకా దాన్నే బట్టీ పడుతుంది. పోటీ పరీక్ష రెండుసార్లు పోయింది. ఇక ఈ లైనే వదిలేద్దామా అని కూడా అంటోంది.

నేను చదివింది ఇంజినీరింగ్. ఓ ఆదివారం ఊరికే ఆ నోట్సు తిరగేశాను. పాశ్చరెల్లా మల్టోసిడా, పక్కన గేదెలకు వచ్చే గొంతువాపు, చివర్లో ఆక్సీటెట్రాసైక్లిన్. ఇంకాస్త కింద స్క్రబ్ టైఫస్, డాక్సీసైక్లిన్. చివరి గడిలో ఈ సైక్లిన్‌లు మాటిమాటికీ కనిపించాయి. బయోకెమిస్ట్రీ నోట్సు తెరిస్తే ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని ఉంది. ఈ సుబ్బారో ఎవరో తెలుసా అని అడిగితే జపాన్ ఆయనేమో అంది మా చెల్లి! రెండు నోట్సుల్లోనూ ఉన్నది మన భీమవరం మనిషేనని చెబితే నమ్మలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద పెద్దగా ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితం, ఎంబీబీఎస్ చేతికి రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అదే కాలంలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అన్న పురుషోత్తంను తీసుకెళ్లింది స్ప్రూ. పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావుకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే కొంతకాలం అనాటమీ పాఠాలు చెప్పారు. ఈ స్ప్రూ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో సీటుంది కానీ జేబులో డబ్బుల్లేవు. అక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా చేరేందుకు ఆయన సర్టిఫికెట్ చాలలేదు. దాంతో రాత్రిపూట పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ మాటను ఒక వాక్యంలో దాటేస్తారు. ఆమెకు మాత్రం అది జీవితం మొత్తం.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. 1925లో వాళ్లు ప్రచురించింది కొత్త సిద్ధాంతం కాదు, కొలిచే పద్ధతి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చే పద్ధతి. శాంపిల్‌లో ప్రొటీన్ తీసేసి ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జత కడుతుంది. తర్వాత దాన్ని రెడ్యూస్ చేసే రసాయనం పోస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. కలరీమీటర్‌లో పెట్టి చదవడమే. ఇవాళ ఆటో ఎనలైజర్లు చాలావరకు ఇదే మాలిబ్డేట్ రసాయనం మీద నడుస్తున్నాయి, కాకపోతే నీలం రంగు దాకా వెళ్లకుండా అతినీలలోహిత కాంతిలో చదువుతాయి. వైవాలో ఈ తేడా అడిగితే తడుముకోకండి.

ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ దొరికాయి. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా 1929లోనే విడిగా కనుక్కున్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో పర్మినెంటు పోస్టు మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగాధిపతి అయ్యారు.

ఇక్కడే నాకు ఆయన కథ బాగా పట్టింది. మన పట్టికలో బ్యాక్టీరియా అంటే జబ్బు. ఆయన ల్యాబులో అది కొలత పరికరం కూడా. లివర్‌లో రక్తహీనతను తగ్గించే ఏదో విటమిన్ ఉందని అప్పటికి తెలుసు. అది ఎంత తక్కువంటే మామూలు రసాయన పరీక్షకు అందదు. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాకు మాత్రం ఆ విటమిన్ లేకపోతే పెరుగుదల ఉండదు. మిగతా పోషకాలన్నీ ఇచ్చి, దాన్నొక్కదాన్నే తీసేసిన ద్రావణంలో ఈ బ్యాక్టీరియాను వేసి, పరీక్షించాల్సిన ముక్కను కలుపుతారు. ద్రావణం మసకబారినా, లాక్టిక్ ఆమ్లం పెరిగినా ఆ ముక్కలో విటమిన్ ఉన్నట్టే. పెరుగుదలను బట్టి ఎంతుందో లెక్క. మా ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే ప్రాణమున్న సెన్సర్. ఆ దారిలోనే లెడర్లీ బృందం ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, 1945లో ల్యాబులో తయారుచేసింది. అన్నను తీసుకెళ్లిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది.

ఇందులో మీకో పరీక్ష ప్రశ్న దాగుంది. సల్ఫా మందు బ్యాక్టీరియాను ఆపుతుంది, మనల్ని ఎందుకు ఏమీ చేయదు? రోగకారక బ్యాక్టీరియాలో చాలావరకు ఫోలిక్ యాసిడ్‌ను పాబా నుంచి సొంతంగా తయారుచేసుకుంటాయి. సల్ఫా పాబాలాగే కనిపించి ఆ తయారీని అడ్డుకుంటుంది. మనం ఫోలిక్ యాసిడ్‌ను తిండి నుంచి తెచ్చుకుంటాం కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. పట్టికను బట్టీ పడితే ఈ జవాబు రాదు.

ఇక సైక్లిన్‌ల సంగతి. అప్పటికి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఉన్నాయి. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ మీద పనిచేస్తుంది. అది ఎక్కువగా గ్రామ్ పాజిటివ్ వాటికే. మన కణాల్లో దాక్కునే రికెట్సియాలను ఏమీ చేయలేదు. రెండు వైపులా పనిచేసే మందు కావాలి. ఆ వెతుకులాటకు లెడర్లీ తీసుకున్నది డెబ్బై దాటి రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్ బెంజమిన్ డగ్గర్‌ను! ఎక్కడెక్కడి మట్టి నమూనాలో తెప్పించి వడపోశారు. మిస్సోరి యూనివర్సిటీ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, అంటే క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. బ్యాక్టీరియా రైబోజోమ్‌లోని 30ఎస్ భాగానికి అతుక్కుని ప్రొటీన్ తయారీని ఆపుతుంది. కనుక్కున్నది డగ్గర్, పరిశోధనను నడిపించిన విభాగాధిపతి సుబ్బారావు. మన దగ్గర సుబ్బారావే కనిపెట్టారని రాసేస్తుంటారు. పరీక్షలో డగ్గర్ పేరే రాయండి, మార్కు పోగొట్టుకోకండి. అది మన మనిషికి తక్కువేం కాదు.

బోదకాలుకు ప్రభుత్వం పంచే డీఈసీ మాత్ర, పిల్లల ల్యుకేమియా మీద బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, రెండూ ఆయన నడిపిన ఆ ల్యాబు నుంచి వచ్చినవే.

ఆరియోమైసిన్‌ను ప్రపంచానికి ప్రకటించింది 1948లో. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. వయసు 53. ఆ తర్వాత కొద్దికాలానికే లెడర్లీ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి గమనించారు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోళ్లు త్వరగా పెరుగుతున్నాయి. అలా యాంటీబయాటిక్ పశువుల మేతలోకి వెళ్లింది. కొద్దికొద్దిగా రోజూ మందు తగిలిన బ్యాక్టీరియాలో తట్టుకున్నవి మిగిలాయి, పెరిగాయి. వెటర్నరీ వైపు వెళ్లేవాళ్లకు రెసిస్టెన్స్ పాఠం ఇక్కడ్నుంచే మొదలవుతుంది. వానలకు ముందు గొంతువాపు టీకా వేయించమని రైతుకు గట్టిగా చెప్పడానికి ఇది ఇంకో కారణం. టీకా పడితే ఆక్సీటెట్రాసైక్లిన్ అవసరమే తగ్గుతుంది.

మెడికల్ ల్యాబు వాళ్లకు ఇదే సంగతి ప్రాక్టికల్‌లో ఎదురవుతుంది. ముల్లర్-హింటన్ ప్లేటు మీద బ్యాక్టీరియా పరిచి, చిన్న కాగితం బిళ్లలు పెడతారు కదా. వాటిలో టీఈ అని రాసి ఉన్నది టెట్రాసైక్లిన్, 30 మైక్రోగ్రాములు. మర్నాడు ప్లేటు తీసి, బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలుతో కొలుస్తారు. మా చెల్లికి వచ్చే బుధవారం ఆ ప్రాక్టికలే. స్కేలు బ్యాగులో పెట్టుకుందో లేదో అడగాలి.