ఆదిని లెక్కగట్టిన గురువు

మహావిస్ఫోటనం గురించి బడిలో విని వచ్చిన మీ పిల్లలు, అయితే ఆదికాండం అబద్ధమేనా అని మిమ్మల్ని అడిగి ఉండవచ్చు. లేదా సైన్సే సృష్టిని రుజువు చేసిందని ఎవరో ప్రసంగించగా మీరు సంతోషించి ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒప్పుకోని వ్యక్తి ఒకరున్నారు. ఆ సిద్ధాంతానికి మూలపురుషుడు ఆయనే. పైగా కతోలిక గురువు.

జార్జ్ లెమైటర్ 1894 జూలై 17న బెల్జియంలోని షార్లెరువాలో జన్మించారు. లూవేన్‌లో ఇంజనీరింగు చదువుతుండగా 1914లో యుద్ధం వచ్చింది. చదువు వదిలి సైన్యంలో చేరి, ఫిరంగిదళంలో పోరాడారు. తిరిగి వచ్చాక ఇంజనీరింగు జోలికి పోలేదు. 1920లో గణితంలో డాక్టరేటు పొంది గురువిద్యాలయంలో ప్రవేశించారు. 1923లో కార్డినల్ మెర్సియే చేతుల మీదుగా గురుపట్టం పొందారు. ఆపై కేంబ్రిడ్జిలో, అమెరికాలో ఖగోళశాస్త్రం అభ్యసించారు.

1927లో ఒక బెల్జియం పత్రికలో, ఫ్రెంచి భాషలో, ఆయన వ్యాసం వచ్చింది. విశ్వం నిలకడగా లేదు, విస్తరిస్తోందని అందులో లెక్క కట్టి చూపారు. హబుల్ తన ఫలితాలు ప్రకటించింది రెండేళ్ళ తరువాత. ఆ ఏడే కలిసిన ఐన్‌స్టీన్ లెక్కలను తప్పు పట్టలేదు గానీ, భావాన్ని మాత్రం తోసిపుచ్చారు. 1931లో వ్యాసం ఆంగ్లంలో వచ్చినప్పుడు, విస్తరణ వేగాన్ని లెక్కించిన భాగమే అందులో లేదు. ఎవరో కావాలని తీసేశారని చాలాకాలం అనుమానించారు. అనువదించిందీ, తొలగించిందీ లెమైటరేనని 2011లో ఒక ఉత్తరం ద్వారా తేలింది. అప్పటికి కొత్త లెక్కలు వచ్చాయి గనుక పాతవి అనవసరమనుకున్నారాయన. విచారణ కమిటీ పదవులకే పోట్లాడుకొనే మనకు ఇది వింతగానే ఉంటుంది. 2018లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఓటు వేసి, ఆ నియమానికి హబుల్ పేరుతోపాటు ఆయన పేరునూ చేర్చాలని సిఫారసు చేశారు.

విస్తరిస్తున్నదాన్ని వెనక్కి నడిపిస్తే? 1931లోనే ఒక చిన్న లేఖలో, సర్వమూ ఒకే ఆదిమ అణువు నుండి వెలువడి ఉండాలని ప్రతిపాదించారు. మనం చూసే విశ్వాన్ని అప్పుడే ముగిసిన బాణసంచాతో పోల్చారు. దీపావళి మరునాడు తెల్లవారి వీధిలోకి వచ్చిన పసివాణ్ణి తలచుకోండి. కాలిన కాగితాలు, మందు వాసన, ఇంకా చల్లారని బూడిద. రాత్రి వెలుగును వాడు చూడలేదు. వీటినిబట్టే ఊహించుకోవాలి.

అంతం మాటేమిటి? ఐన్‌స్టీన్ వదిలేసిన ఒక స్థిరాంకాన్ని లెమైటర్ పట్టుకొని ఉన్నారు. దాని ప్రకారం విస్తరణ వేగం పెరుగుతూ పోవాలి. 1998లో దూరపు నక్షత్రాల పేలుళ్ళను పరిశీలించినవారు అదే కనుగొన్నారు. నక్షత్రవీధులు ఒకదానికొకటి దూరమై, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయే రాత్రివైపు విశ్వం సాగుతోంది.

ఇక అసలు సంగతి. 1951 నవంబరులో 12వ పయస్ పోపుగారు ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమిస్తున్నదన్నట్లు ప్రసంగించారు. మరొక గురువైతే పొంగిపోయేవారు. లెమైటర్ కలవరపడ్డారు. సిద్ధాంతాలు మారుతాయి, విశ్వాసాన్ని వాటికి వేలాడదీయరాదు. తన ఆందోళనను వాటికన్ ఖగోళశాలను నడిపే ఓకానెల్ గురువుతో పంచుకున్నారు. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రజ్ఞులతో మాట్లాడినప్పుడు పోపుగారు ఆ మాట ఎత్తలేదు. నిజానికి, లోకానికి ఆది ఉందని కేవలం తర్కంతో నిరూపించలేమని పునీత తోమా అక్వినాసువారు ఏనాడో బోధించారు. సృష్టి అంటే ఎప్పుడో జరిగిపోయిన పేలుడు కాదు. నిన్న వెలిగించిన దీపానికి ఈ క్షణమూ నూనె కావాలి గదా!

ఆయన నమ్మినట్లే ఆ తొలి బాణసంచా వేడి ఇంకా మిగిలే ఉంది. అయితే ఆయన వెదకిన విశ్వకిరణాలలో కాదు. అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరి రేడియో ఏంటెన్నాకు ఆకాశం అన్ని దిక్కుల నుండీ ఒకే తీరున అందిన సన్నని సవ్వడిలో దొరికింది. 1965లో అది లోకానికి తెలిసింది. అప్పటికే గుండెజబ్బుతో నీరసించిన లెమైటర్‌కు 1966 జూనులో, ఆసుపత్రి మంచం మీద, ఒక సహచరుడు ఆ కబురు చెప్పాడు. ఆ నెల 20న ఆయన కన్నుమూశారు.