భాస్కరాచార్యుడు, కోతుల లెక్క

పదో తరగతిలో ఒక రాత్రి ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 3 ముందు పెట్టుకుని కారణాంకాల కోసం కూర్చున్నాను. గుణిస్తే 3, కూడితే 5 రావాలి. గంటసేపు తంటాలు పడ్డా ఆ రెండు అంకెలు దొరకలేదు. నాకు లెక్కలు రావని ఆ రాత్రే తేల్చేసుకుని, పదకొండులో ఆర్ట్స్‌లో చేరిపోయాను. ఈ మధ్య భాస్కరాచార్యుల గురించి చదివాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఆయన 1114లో సహ్యాద్రి ప్రాంతంలో పుట్టారు. తండ్రి మహేశ్వరుడే గురువు. 36వ ఏట, 1150లో, సిద్ధాంత శిరోమణి రాశారు. లీలావతి, బీజగణితం అందులో భాగాలే. లీలావతి ఆయన కూతురనీ, ఆమె పెళ్లి ముహూర్తం తప్పిపోయిందనీ మనమంతా విన్న కథ 1587లో ఫైజీ చేసిన పారసీ అనువాదంలోది.

బీజగణితంలో ఒక కోతుల లెక్క ఉంది. గుంపులో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తగ్గించి, వర్గం చేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒక్కటి బయట చెట్టు మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని?

మన పద్ధతిలో అది ఎక్స్ స్క్వేర్ మైనస్ 55 ఎక్స్ ప్లస్ 250 అవుతుంది. మధ్య సంఖ్య వర్గం 3025. మొదటి, చివరి సంఖ్యల లబ్ధానికి నాలుగు రెట్లు 1000. తీసేస్తే 2025, అంటే 45 వర్గం. సరిగ్గా వర్గం వచ్చింది కాబట్టి కారణాంకాలు ఉన్నట్టే. జవాబులు 50, 5. అయిదు కోతులైతే అయిదో వంతు ఒకటే, అందులోంచి మూడు ఎలా పోతాయి? అందుకే ఆయన 50నే ఉంచారు.

ఈ దారి తనకంటే ముందటి శ్రీధరాచార్యులదని పేరు చెప్పి మరీ రాశారు. రుణ సంఖ్యకు వర్గమూలం లేదనీ చెప్పారు.

నా పాత లెక్కకూ అలాగే చేసి చూశాను. 25లోంచి 12 పోతే 13. అది ఏ పూర్ణ సంఖ్యకూ వర్గం కాదు. ఆ రాత్రి నేను వెతికిన అంకెలు అసలు లేనే లేవన్నమాట!

భాస్కరాచార్యులు 69వ ఏట, 1183లో కూడా కరణకుతూహలం రాశారు. ఆయన గ్రంథాలు చెప్పడానికి మనవడు చాంగదేవుడు మఠం పెట్టించాడు. ఆ సంగతి చెప్పే 1207 నాటి శాసనం మన మహారాష్ట్రలోనే, చాళీస్‌గావ్ దగ్గరి పాటణ్‌లో ఉంది.

మా చెల్లి ఇప్పుడు పదో తరగతి. అంకెలు వెతకబోయే ముందు ఈ ఒక్క తీసివేత చేసి చూసుకోమని దానికి నేర్పాను.