స్ఫటికాల వెంట సాగిన జీవితం: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించారు. అది ఒక ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ వ్యాధితో మరణించారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రక్తం క్షీణించి మనిషి కృశించే వ్యాధి అది. సుబ్బారావు కూడా దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి కొలువు చేస్తూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరరసాన్ని ఆ పద్ధతిలో పరీక్షిస్తే రంగు ఒక్కసారిగా రాక, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఆమ్లం తగిలి విడిపోతున్న భాస్వర సమ్మేళనమేదో అందులో ఉందని వారు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్.

అనుమానం వేరు, రుజువు వేరు. ఆనాటి రసాయనశాస్త్రంలో శుద్ధతకు స్ఫటికమే గట్టి సాక్ష్యం. ద్రావణం చిక్కబడి, ఇక కరిగించుకోలేని స్థితికి చేరినపుడు ఒకే రకం అణువులు వరుసలు తీరి పేరుకొంటాయి. ఆ అమరికలో ఇమడని పదార్థాలు చాలవరకు ద్రవంలోనే మిగిలిపోతాయి. నౌపడ ఉప్పుమళ్లలో సముద్రపు నీరు ఇగిరి ఉప్పు కట్టడం, చక్కెర పాకంలో దారం చుట్టూ పటికబెల్లం పేరుకోవడం ఈ సూత్రం వల్లనే. పటిక అనే మాట కూడా స్ఫటికం నుంచి పుట్టినదే. అయితే ఉప్పుకు ఎండ చాలు. వందలాది పదార్థాలు కలిసిన కండరరసం అంత సులువుగా లొంగదు. అక్కరలేనివాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తూ, చివరికి ఫాస్ఫోక్రియాటిన్‌ను కాల్షియం లవణంగా వేరుచేసి 1929లో పూర్తి వివరాలు ప్రకటించారు. అదే ఏడాది ఏటీపీని కూడా కండరం నుంచి వేరుచేశారు. జర్మనీలో లోమన్ స్వతంత్రంగా అదే పని చేశారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన నేతృత్వంలోని బృందంలో స్టాక్‌స్టాడ్ 1943లో కాలేయం నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని పసుపు స్ఫటికాలుగా రాబట్టారు. కాలేయంలో అది ఉండేది అత్యల్పం గనుక రోగులకు సరిపడా అందించాలంటే కృత్రిమంగా తయారుచేయక తప్పదు. శుద్ధ స్ఫటికం చేతికందితే తప్ప అణునిర్మాణం తెలియదు, నిర్మాణం తెలియనిదే తయారీ సాధ్యం కాదు. 1945లో ఆ తయారీ కూడా ఫలించింది. అనంతరం ఆ ఔషధంతో స్ప్రూ రోగుల రక్తం మెరుగుపడింది. పురుషోత్తం మరణించి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. దానితోనే సిడ్నీ ఫార్బర్ బాలల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అదుపు చేయగలిగారు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పర్యవేక్షణలో వెలువడినవే.

1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలో నిద్రలోనే కన్నుమూశారు. 1922లో విడిచి వెళ్లిన భార్య శేషగిరిని ఆయన మళ్లీ చూడలేదు.