పాల్కురికి సోమనాథుడు: కొఱతను బలముగా మార్చిన శివభక్తి

నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి శ్రీ సోమేశ్వరస్వామి వెలసిన పుణ్యక్షేత్రము. వీరశైవ మహాకవి పాల్కురికి సోమనాథునికి అదియే జన్మభూమి. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. కరస్థలి విశ్వనాథుడు ఆయన గురువు. ఆయన జీవించిన శతాబ్దమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు.

సోమనాథుడు సంస్కృతాంధ్ర కర్ణాటక భాషలందు నిష్ణాతుడు. సంస్కృతమున భాష్యము వ్రాసిన ఆ పండితుడు తలచినచో రాజసభలు మెచ్చు ప్రౌఢకావ్యమును సులభముగా రచింపగలడు. కాని బసవేశ్వరుని చరిత్రమునకు ద్విపదను, జాను తెనుగును ఎన్నుకొనెను. రెండేసి పాదములతో నడచి పాటకు ఒదుగు ద్విపదను నాటి పండితులు చిన్నచూపు చూచెడివారు. అందఱకును తెలియు మాటయే మేలైన మాటయని సోమనాథుని విశ్వాసము.

ఈ ఎన్నికకు ఆయన కీర్తి మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ఓరుగల్లు శివాలయమున భక్తులు బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు అచ్చటికి వచ్చెననియు, అది ఏమని అడుగగా, సోమన ద్విపదలో అల్లిన క్రొత్త పురాణమని ఒక విప్రుడు తేలికపఱచి పలికెననియు, రాజు వినకయే వెడలిపోయెననియు పిడుపర్తి సోమన చెప్పెను.

ఆ పురాణమున కొలువుతీరిన భక్తులును లోకదృష్టికి కొఱత గలవారే. శివునకు తల్లి లేదని దుఃఖించి తానే తల్లియైన బెజ్జమహాదేవికి శాస్త్రజ్ఞానము లేదు. శివుడు విషము త్రాగెనని విని ప్రాణములు విడువబూనిన రుద్రపశుపతికి తర్కము తెలియదు. కన్నప్ప వేటకాడు. మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు. తమలో లేనిదానికై వారు కుందలేదు, ఉన్నదానిని శివునకు అర్పించిరి. వారి అమాయకత్వమే శివుని వశపఱచు బలమయ్యెను.

కవి విషయమునను అట్లే జరిగెను. రాజు విననొల్లని ద్విపదను సామాన్యభక్తులు కంఠస్థము చేసిరి. భీమకవి 1369లో బసవపురాణమును కన్నడమునకు కొనిపోయెను. పిడుపర్తి సోమన దానినే పద్యకావ్యముగా సంతరించెను. పండితారాధ్యచరిత్రలో సోమనాథుడు పొందుపఱచిన పాటలు, ఆటలు, పండుగలు నేడు ఆ కాలపు ప్రజాజీవితమునకు సాక్ష్యములు. నాడు తక్కువయని త్రోసిపుచ్చిన వాడుక మాటయే నేడు పరిశోధకులకు పెన్నిధి.

చదువు చాలదనియో, కులము తక్కువయనియో, మాట నేర్పు లేదనియో క్రుంగు భక్తుడు సోమనాథుని తలంపవలెను. కొఱతను దాచుకొన్నచో అది భారము. ఇష్టలింగము నెదుట ఉంచి, చేతనైన కాయకమును విడువక చేసినచో, దానిని ఏ బలముగా మలచవలెనో శివునకే తెలియును.